ఆవిడ మత్తు

మత్తు డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఏదో ప్రమాదం ఉందని నాకు మొదట తోచింది అప్పుడే.

అంతవరకూ అంతా మామూలుగానే నడిచింది. మా అమ్మాయికి టాన్సిల్స్ ఆపరేషన్. గొంతునొప్పి, జ్వరం, తగ్గిందనుకునేలోపే మళ్ళీ గొంతునొప్పి. పడుకుంటే గురక. ఆ గురక మధ్యలో ఒక్కోసారి ఊపిరి ఆగినట్టయితే దాని ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంటూ కూర్చునేదాన్ని. తీసేయడమే మంచిదని డాక్టరు చెప్పాక, వారం తర్వాత రమ్మన్నారు. ముందుగా మత్తు డాక్టరు ఒకసారి చూడాలన్నారు.

ఆమె కేరళ ఆవిడ. కాగితం మీద పేరు చదివి, దగ్గు ఉందా, ఆయాసం ఉందా, పళ్ళేమైనా కదులుతున్నాయా అని హిందీలో అడుగుతూ, తలెత్తకుండా రాసుకుంటూ పోయింది. రక్తం తీయడానికి నర్సు సూది తెచ్చేసరికి పిల్ల నా కొంగులోకి దూరింది.

"ఏం కాదురా బంగారం, చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అన్నాను.

పెన్ను ఆగింది. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఆప్ తెలుగు హైఁ?"

"జీ."

"మరి ఇక్కడ గుప్తా అని ఉందే?"

ఢిల్లీలో ఈ తికమక మాకు అలవాటే. మేముండే ఆర్కే పురం క్వార్టర్స్‌లో పాలవాడి దగ్గర్నుంచి స్కూలు టీచరు దాకా అందరూ మమ్మల్ని ఇక్కడి గుప్తాలే అనుకుంటారు. పక్కింటి ఆంటీ కర్వా చౌత్ నోముకి జల్లెడ పట్టుకుని మా తలుపు తట్టేది. ఆంధ్రాలో వైశ్యులు కూడా పేరు చివర గుప్త అని పెట్టుకుంటారని చెప్పి చెప్పి, చివరికి చెప్పడం మానేశాం. అనుకుంటే అనుకోనీ, పోయేదేముంది అనుకున్నాం.

"వైశ్యులా?" అంది. గొంతు మారింది. "మీరూ మీ ఆయనా చుట్టాలా?"

"మా మేనమామ కొడుకు."

ఆమె ఫైలు మూసి పక్కన పెట్టింది. కుర్చీ దగ్గరకి లాక్కుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. గొంతులోకి గొట్టం వేయడానికి ఒక మందు ఇస్తారు. అది ఒంట్లో కండరాలన్నిటినీ వదులు చేస్తుంది, ఊపిరి పీల్చే కండరాలతో సహా. కొద్ది నిమిషాల్లో మన రక్తమే ఆ మందుని విరగ్గొట్టేస్తుంది, ఊపిరి తిరిగి వస్తుంది. కొందరి రక్తానికి ఆ శక్తి ఉండదు. అలాంటివాళ్ళకి గంటల తరబడి ఊపిరి రాదు. మిషను పెట్టి ఊపిరాడించాలి. తాను మద్రాసులో చదువుకునేటప్పుడు ఆంధ్రా వైశ్యుల ఇళ్ళలో ఇలాంటివి చూశానంది. అందరికీ కాదు, కొన్ని కుటుంబాల్లోనే. దగ్గరి సంబంధాలు చేసుకున్న చోట ఎక్కువ.

"మరి ఆ మందు ఇవ్వకండి," అన్నాను.

"ఇవ్వకుండానే చూస్తాను. కానీ గొంతు ఆపరేషన్లో పిల్లల ఊపిరిదారి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. అప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు, చేతికందేది ఆ మందే. మీ ఇంట్లో ఈ తత్వం ఉంటే ఇక్కడ చెయ్యను, మిషన్లున్న పెద్దాసుపత్రికి రాస్తాను. ఊరికే అనుమానమని రాస్తే అక్కడివాళ్ళు వరసలో పెట్టి నెలలు తిప్పుతారు. ఈ రక్తపరీక్ష కూడా ఇక్కడ లేదు. మీ రెండు వైపులా కనుక్కోండి. ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందక, మెలకువ రాక ఎవరైనా ఇబ్బంది పడ్డారా? పోయారా?"

ఆమె ఇంకో మాట కూడా అంది. "పేరు చూసి మిమ్మల్ని ఇక్కడివాళ్ళే అనుకున్నాను. మీరు ఆ పిల్లతో హిందీలో మాట్లాడి ఉంటే నేను అడిగేదాన్నే కాదు."

పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లు దిగాను. పిల్ల మాత్రం, "మమ్మీ, చీంటీ నహీఁ థీ, మచ్ఛర్ జైసా థా," అంటోంది. చీమ కాదట, దోమ కుట్టినట్టుందట.

* * *

మా ఆయన మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. ఆఫీసు నుంచి వచ్చి అంతా విని, "మన ఇళ్ళల్లో ఆపరేషన్లు చేయించుకున్న మొహాలెవరున్నారు?" అన్నాడు. "కషాయాలతోనే కాటికి పోయారు అందరూ."

"బావా, నవ్వులాట కాదు."

"నవ్వట్లేదే. నాకూ భయంగానే ఉంది," అన్నాడు. భయం వేసినప్పుడే తనకి హాస్యం వస్తుంది.

మా ఇద్దరికీ వెనకవైపు వంశం ఒకటే. మా అమ్మా, తన నాన్నా అన్నాచెల్లెళ్ళు. నాకు అమ్మమ్మ తాతయ్య అయినవాళ్ళే తనకి నాయనమ్మ, తాతయ్య. నా బిడ్డలో రెండు దారుల గుండా ఒకే రక్తం వచ్చి కలిసింది. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్న ఆ సంగతే ఇప్పుడు మెడ మీద కత్తిలా ఉంది.

మర్నాడు పొద్దున తను స్కూలుకి పిల్లని లేపుతున్నాడు. "లే అమ్మా లే. ఆవిడ మత్తు వదిలించుకో." మా ఇళ్ళల్లో బద్ధకంగా లేచే పిల్లల్ని అలాగే అంటారు. అమ్మమ్మ అనేది, అమ్మమ్మని చూసి అందరూ అందుకున్నారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేనూ తనూ ఆ మాట విన్నాకే దుప్పటి తన్నేవాళ్ళం. ఆవిడెవరని మేమెవరం అడగలేదు. జ్యేష్ఠాదేవో, నిద్రాదేవో అనుకున్నాను కాబోలు.

మార్కెట్లో ఎస్టీడీ బూతుకి వెళ్ళి చీరాలలో అమ్మకి ఫోన్ చేశాను.

"మనవాళ్ళకేం రోగాలు లేవే!" అంది అమ్మ, నేనేదో నింద వేసినట్టు. "మా నాన్న తొంభైకి దగ్గరపడి పోయారు. ఆయన తండ్రీ అంతే, తల్లీ అంతే. ఎవరికీ కత్తి తగల్లేదు. ఆ డాక్టరు ఎవరికో చెప్పాల్సింది నీకు చెప్పుంటుంది."

"ఇంకా పైవాళ్ళు?"

"ఇంకా పైన దేవుడున్నాడు. ఎవరికి తెలుసే అదంతా? మీ ఢిల్లీలోనే ఉన్నాడుగా, సెన్సస్‌లో చేసి రిటైరయిన పెద్దమనిషి. మనవాళ్ళ చరిత్రలన్నీ పోగేస్తాడట. పోయి ఆయన్నడుగు."

* * *

ఆ పెద్దమనిషి సాకేత్‌లో ఉండేవారు. తెలుగువాళ్ళ ఉగాది మీటింగుల్లో మైకు దొరికితే వదలరని పేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జనాభా లెక్కలు వేసి, రిటైరయ్యాక జనాల చరిత్ర పట్టుకున్నారు. మా కులసంఘం దశాబ్దాలుగా వేస్తున్న మాసపత్రిక సంపుటాలన్నీ బైండు చేయించి పెట్టుకున్నారు. వాటిలో పెద్దల జీవిత చరిత్రలుంటాయి, చివరి పేజీల్లో నిర్యాణ వార్తలుంటాయి. వాటి నుంచి ఆయన కోస్తా జిల్లాల కుటుంబాల వంశవృక్షాలు గీస్తున్నారు.

"ఇంటిపేరు చెప్పు, గోత్రం చెప్పు, ఊరు చెప్పు. నీకు తెలియని నీ చుట్టాల్ని నీ ఎదురుగా కూర్చోబెడతా," అన్నారు గుమ్మంలోనే.

"ముందు ఆ పిల్లని కాఫీ తాగనివ్వండి," అన్నారు ఆయన భార్య, ఆంటీ, లోపల్నుంచి. "చచ్చినవాళ్ళు ఎక్కడికీ పోరు."

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన మొహంలో సరదా పోయింది. లేచి బీరువా తెరిచారు.

నేను డిగ్రీలో చరిత్ర చదువుకున్నదాన్ని. సామ్రాజ్యాల చరిత్ర. నావాళ్ళ పేర్లు అచ్చులో ఉండగలవని ఎన్నడూ అనుకోలేదు. ఆ మధ్యాహ్నం మా అమ్మవైపు తాతయ్య తండ్రి జీవిత చరిత్ర నా ఒళ్ళో ఉంది. పొగాకు వ్యాపారం, సత్రం కట్టించడం, కరువులో గంజి పోయించడం. ఫోటోలో తలపాగా, చెవులకు పోగులు. ఆ కళ్ళల్లోకి చాలాసేపు చూశాను. ఈ మనిషి నడిచిన నేల మీద నుంచి ఏదో ఒకటి బయల్దేరి, బళ్ళూ రైళ్ళూ ఎక్కి, నా ఇంట్లో గురకపెడుతున్న పిల్ల దాకా వచ్చిందన్నమాట.

తర్వాత ఆ ఇంటిపేరున్న నిర్యాణ వార్తలన్నీ వెతికాం. అమ్మాయీ, దాని తమ్ముడూ స్కూల్లో ఉండగా వెళ్ళి, వాళ్ళొచ్చే వేళకి బస్సెక్కి వచ్చేసేదాన్ని. మగవాళ్ళవి తేలిగ్గా దొరికేవి. ఆడవాళ్ళని పట్టుకోవడమే కష్టం. పుట్టింటి పేరు పెళ్ళితో పోతుంది, మెట్టినింటి పేరు కింద ఫలానా వారి ధర్మపత్ని అని ఉంటుంది. ఒక్కోసారి ఆవిడ సొంత పేరు కూడా ఉండదు. అందరూ వృద్ధాప్యం వల్లో, స్వల్ప అస్వస్థత వల్లో పోయారు. ఆసుపత్రి మాటే ఎక్కడా లేదు.

"సెన్సస్‌లో దొరకదా బాబాయిగారూ? మీ శాఖే కదా."

"మనిషి దొరకడమ్మాయ్, లెక్క దొరుకుతుంది. పేర్లు రాసిన కాగితాలు ఎవరికీ చూపించకూడదు. పాతవైతే లెక్క తేలాక అసలు ఉంచేవారే కాదు. అచ్చయ్యేది అంకెలే." అంటూ తెల్లదొరల కాలం నాటి లావుపాటి పుస్తకం ఒకటి దించారు. దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద కొన్నారట. మా జిల్లా పట్టికలు చూపించారు. కులాల వారీగా మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, పెళ్ళయినవాళ్ళెందరు, వితంతువులెందరు. ఇంకో పట్టికలో గుడ్డివాళ్ళు, చెవిటి మూగవాళ్ళు, మతి చెడినవాళ్ళు, కుష్ఠు ఉన్నవాళ్ళు.

"ఒంట్లో లోపాలు కూడా లెక్కపెట్టేవారా?"

"కంటికి కనబడేవి. నువ్వు వెతికేది కంటికి కనబడదుగా. ఆ మందు పుట్టేదాకా అది లోపమే కాదు."

ఎన్ని తరాల పాటు అది నిశ్శబ్దంగా, ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా నడిచి వచ్చిందో! దానితో పుట్టినవాళ్ళు పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ముసలివాళ్ళై పోయారు. మనిషి ఒక మందు కనిపెట్టిన రోజున అది జబ్బయింది.

* * *

లేదనే చెబుదామనుకున్నాను డాక్టరుకి. ఇంత వెతికాం, ఎవరూ లేరని. ఆ సాయంత్రం లేచి వచ్చేస్తూ, ఆ తలపాగా మనిషి ఫోటో ఒక్కసారి మళ్ళీ చూసుకుందామని సంపుటం తెరిచాను. జీవిత చరిత్ర చివరి పేరాలో, సత్రం లెక్కల మధ్య ఇరుక్కుని, ముందు నేను దాటిపోయిన వాక్యం ఒకటుంది. వీరికి సంతానము లేనందున ఒక బాలుని దత్తు స్వీకరించిరి.

ఆ బాలుడు మా తాతయ్య.

"బాబాయిగారూ, ఈ ఇంటిపేరు వాళ్ళెవరూ నావాళ్ళు కారు," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి ఆ వాక్యం చదివారు. నుదురు కొట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ నీచేత ఊళ్ళోవాళ్ళ చావులు చదివించానే!"

"మీకు అలవాటేగా," అన్నారు ఆంటీ.

బూతు నుంచి అమ్మకి ఫోన్.

"అమ్మా, తాతయ్య దత్తత వచ్చారా?"

"ఆఁ. అదేముంది, అందరికీ తెలిసిందేగా."

"నాకు తెలీదు!"

"నువ్వెప్పుడు అడిగావు? నడక రాకముందే తెచ్చుకున్నారట. గోత్రం మారింది, ఇంటిపేరు మారింది. ఇంక ఆ ఇంటితో పనేముంది?"

"రక్తం మారుతుందా అమ్మా?"

అప్పుడు అమ్మ తాతయ్య కన్నతండ్రి పేరూ, ఇంటిపేరూ చెప్పింది. పర్చూరు వైపు వాళ్ళని చెప్పింది.

"ఆయన కన్నతల్లి ఎలా పోయింది?"

"నాకు తెలీదే. నిజంగా తెలీదు. దత్తత పోయిన కొడుకు తద్దినం పెట్టడుగా. అక్కడున్న కొడుకులు పెట్టుకునేవారు. మన ఇంట్లో ఆవిడ తిథి ఎప్పుడూ రాలేదు." ఇంకోటి గుర్తొచ్చి అంది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. ఒకరోజు నాన్న వేళ కాని వేళ తలమీద నీళ్ళు పోసుకుని, అన్నం తినకుండా వీధరుగు మీద కూర్చున్నారు. ఏంటమ్మా అంటే, అమ్మ కసిరింది, నిండు చూలాలివి, నీకెందుకు పో అని. కడుపుతో ఉన్నదానికి చావు కబురు చెప్పరుగా. తర్వాత నువ్వు పుట్టావు. ఆ గొడవలో నేను మళ్ళీ అడగలేదు."

* * *

వెతకాల్సిన సంపుటం ఏదో ఇప్పుడు తెలుసు. నేను పుట్టిన ఏడాది సంపుటం. ఆ కొత్త ఇంటిపేరు కింద, నేను పుట్టిన నెలకి ముందు సంచికలో, నాలుగు వరసల వార్త దొరికింది. ఆవిడ భర్త పేరు, ఊరి పేరు, ఉదర వ్యాధి. తర్వాత, చెన్నపట్నపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స అయిన పిమ్మట మత్తు వీడక పరమపదించిరని ఉంది.

మత్తు వీడక.

నేను బాబాయిగారి డ్రాయింగు రూములో ఉన్న సంగతి మరిచిపోయాను. నా చెవుల్లో అమ్మమ్మ గొంతు. లేవండే, ఆవిడ మత్తు వచ్చిందా మీకు? అమ్మమ్మకి తెలుసు. ఇంట్లో ఆ చావు కబురు అందుకున్న ఆడది అమ్మమ్మే. భర్త కన్నతల్లికి తద్దినం లేదు, గోడ మీద ఫోటో లేదు, ఆ పేరు ఎత్తే సందర్భమే లేదు. ఉన్నదల్లా ఒక తిట్టు. లేవని పిల్లల్ని చూసినప్పుడల్లా అమ్మమ్మకి ఆ లేవని మనిషి గుర్తొచ్చి ఉండాలి. హెచ్చరికగా అందో, భయంతో అందో, ఊరికే అలవాటుగా అందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. వంశవృక్షాలు గీసినవాళ్ళు వదిలేసిన మనిషిని, జీవిత చరిత్రలు ఒక వాక్యంలో దాటేసిన మనిషిని, పొద్దున్నే పిల్లల్ని లేపే మాటలో అమ్మమ్మ దాచి మా దాకా చేర్చింది. ఆ మాటతోనే నా పిల్ల రోజూ నిద్ర లేస్తోంది.

వార్త చివర ఆవిడ సొంత పేరు ఉంది. మా ఇళ్ళల్లో ఎవరూ పెట్టుకోని పేరు. నెమ్మదిగా పైకి చదివాను. ఆ పేరు పలకడం నా నోటికి అదే మొదటిసారి.

బాబాయిగారు లావుపాటి సెన్సస్ పుస్తకం మళ్ళీ తెచ్చి, పర్చూరు ఉన్న తాలూకా వరస మీద వేలు పెట్టారు. వైశ్యులు, ఆడవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు. "ఈ లెక్క తీసిన నాటికి ఆవిడ కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల అయి ఉంటుంది," అన్నారు. "ఇదుగో అమ్మాయ్. ఈ అంకెలో ఉంది."

చిన్న అంకె అది. గణకుడెవరో ఆ ఇంటి గడపలో నిలబడి, లోపల ఎంతమంది అని అడిగి ఉంటాడు. మామగారు చెప్పి ఉంటాడు. వంటింట్లో ఉన్న ఆ పిల్లకి తనని లెక్కపెట్టారని కూడా తెలిసి ఉండదు. నేను ఆ అంకె మీద వేలు పెట్టి ఉంచాను. చరిత్ర పాఠాల్లో రాజుల పేర్లు బట్టీ పట్టినప్పుడు ఎన్నడూ కలగని భక్తి కలిగింది, ఒక అంకె మీద.

ఆంటీ కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, నా తల నిమిరారు.

* * *

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ నాలుగు వరసలకీ హిందీలో అర్థం చెప్పాను. ఆమె నేనిచ్చిన నకలు ఫైల్లో పెట్టుకుని, పెద్దాసుపత్రికి ఉత్తరం అక్కడే నిలబడి రాసింది. రాస్తూ, "మత్తు అంటే బేహోషీయే కదా?" అని అడిగింది.

"అవును."

"మీవాళ్ళు అలా రాశారు, వాళ్ళకేం తెలుసు. అది మత్తు కాదు. మత్తు దాని వేళకి అది దిగిపోతుంది. కండరాలకే బలం రాదు." ఇంకేదో చెప్పబోయి నా మొహం చూసి ఆగింది.

నేనే అడిగాను. "అంటే ఆవిడకి మెలకువ ఉందా?"

"ఉండి ఉండొచ్చు," అంది. "తెలీదు. ఉండి ఉండొచ్చు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చాను. మేము తిట్టుగా వాడుకున్న ఆ మనిషి నిద్రపోనే లేదేమో. కళ్ళు తెరవలేక, చెయ్యి కదపలేక, తన చుట్టూ అందరి మాటలూ వింటూ ఉందేమో. లేవాలని అందరికంటే ఎక్కువ అనుకున్నది ఆవిడేనేమో. మా ఆయనకి చెప్పాను. తను ఏ జోకూ వెయ్యలేదు. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లల్ని ఆ మాటతో లేపలేదు.

పెద్దాసుపత్రిలో రక్తం తీసి పంపించారు. రిపోర్టు వచ్చింది. మా అమ్మాయి రక్తంలో ఆ శక్తి ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ ఉంది. నాదీ, మా ఆయనదీ సగం సగం. అక్కడి పెద్ద డాక్టరు ఆ కాగితం చదివి, తెలుసుకుని రావడం మంచిదైంది, ఇంకేం భయం లేదు అన్నాడు. ఆపరేషన్ బల్ల దగ్గర ఆ మందు లేకుండా చూశారు. ఫైలు అట్ట మీద ఎర్ర అక్షరాలతో దాని పేరు రాసి, వద్దు అని రాశారు.

తలుపులు మూసుకున్నాక, బయట బెంచీ మీద కూర్చుని నేను ఏ దేవుణ్ణీ పిలవలేదు. నాకు కొత్తగా తెలిసిన ఆవిడ పేరే తలుచుకున్నాను. ఆవిడ లోపల పిల్ల పక్కన ఉన్నట్టే నాకు అనిపించింది. అది పిచ్చే, తెలుసు. చదువుకున్నదాన్ని. అయినా అలాగే అనిపించింది.

తలుపు తెరిచి, స్ట్రెచరు మీద తెచ్చారు. కళ్ళు తెరిచి ఉంది. నన్ను చూసి పెదవులు కదిపింది. మాట రాలేదు. దాని పొట్ట పైకీ కిందకీ కదులుతోంది. నేను చూసిన వింతల్లోకెల్లా పెద్ద వింత అదే, ఒక పొట్ట దానంతట అదే పైకి లేచి దిగడం.

ఇదంతా ఇప్పుడు, పిల్లలు పడుకున్నాక వంటింటి దీపం కింద కూర్చుని రాస్తున్నాను. పక్కగదిలోంచి గురక లేదు. మొదట్లో ఆ నిశ్శబ్దానికే లేచి వెళ్ళి చూసేదాన్ని.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున మా ఆయన చిన్నవాణ్ణి వార్డుకి తీసుకొచ్చాడు. వాడు అక్క మంచమెక్కి, ఐస్‌క్రీం తనకీ కావాలని పేచీ పెట్టి, సగం లాక్కున్నాడు. అది గొంతు పెగలక కళ్ళతోనే వాణ్ణి తిట్టింది. ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని చెప్పాను. మన ఇంట్లో ఒక తాతమ్మ ఉండేది, ఆవిడకి ఆపరేషన్లో ఒక మందు పడలేదు, ఆ మందు మనకీ పడదు అని. ఆవిడకి మెలకువ ఉందేమోనన్న సంగతి మాత్రం చెప్పలేదు. పెద్దయ్యాక చెబుతాను.

"వో మర్ గయీ?" అన్నాడు వాడు, చెంచా నోట్లో పెట్టుకుని.

"ఆఁ, చనిపోయింది."

"ఫిర్ దీదీ కైసే బచ్ గయీ?" అక్క మరి ఎలా బతికింది?

"ఆవిడ సంగతి డాక్టరుకి ముందే చెప్పాం కాబట్టి."

మా అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది. "ఉన్‌కో కిసీ నే నహీఁ బతాయా థా?" ఆవిడకి ఎవరూ చెప్పలేదా?

"చెప్పడానికి అప్పటికి ఎవరికీ తెలీదమ్మా. ఆవిడతోనే తెలిసింది."

తర్వాత ఇద్దరి చేతా ఆ మందు పేరు పలికించాను. సక్సమెథోనియం. చిన్నవాడి నోరు తిరగలేదు, మూడుసార్లు నవ్వాడు, నాలుగోసారి పలికాడు. ఏ ఊళ్ళో ఉన్నా, ఎవరు మిమ్మల్ని నిద్రపుచ్చబోయినా, ముందు ఈ మందు వద్దని చెప్పాలి అన్నాను. తర్వాత ఆవిడ పేరు చెప్పాను, దాన్నీ పలికించాను. ఆ పేరుతో డాక్టరుకి ఏం పని అన్నాడు మా ఆయన. పనేమీ లేదు, అయినా చెప్పండి అన్నాను పిల్లలతో.